ముప్పై ఏళ్లకే మైన్‌స్వీపర్లను తీసేసుడు కరెక్టేనా?

దేవరకొండ మాజీ నావికుడు: పాత ఓడలు తీసేస్తే మంచిదే అని నిన్న ఒకరు ఇక్కడ రాసిన్రు. చదివి రాత్రి నిద్ర పట్టలేదు. సముద్రంల మందుపాతర్లు ఏరే మైన్‌స్వీపర్ ఓడ ఐఎన్ఎస్ కాకినాడ 1986 డిసెంబరు 23న అప్పటి సోవియట్ యూనియన్‌ల రీగా రేవుల మన నేవీల చేరింది. 2017 మే 9న ముంబైల జెండా దించి సర్వీసు నుంచి తీసేసిన్రు. ఆఖరుది ఐఎన్ఎస్ కోజికోడ్, దాన్ని 2019 ఏప్రిల్ 13న విశాఖల తీసేసిన్రు. అప్పటి సంది మన నేవీకి ఒక్క మైన్‌స్వీపర్ లేదు. సముద్రంల మందుపాతర్లు, అంటే మైన్లు పెడితే ఏరేదెవరు?

పాలమూరు పోరడు: 86 నుంచి 2017 అంటే 31 ఏండ్లు. శీర్షికనే తప్పు.

దేవరకొండ మాజీ నావికుడు: డిసెంబరు నుంచి మే దాక లెక్కవెయ్యి తమ్మీ. 30 ఏండ్ల నాలుగున్నర నెలలు.

పాలమూరు పోరడు: 31ల పడ్డట్టే గదా.

మిర్యాలగూడ మిల్లు: నా అనుభవం చెప్త. కొత్త మిషను వస్తదని పాతది తూకానికి అమ్మిన. కొత్తది ఎనిమిది నెలలు లేటు. వానాకాలం వడ్లన్నీ పక్క మిల్లుకు పోయినయ్. చేతికి కొత్తది రాకముందు పాతది వదలొద్దు.

అచ్చంపేట అక్క: మిల్లు ఆగితే వడ్లు ఆగుతయన్నా, పాత ఓడల పోయేది ప్రాణాలు. మైను దగ్గరికొచ్చిన ఓడ ఇనుమును పసిగట్టి పేలుతది, ఇంజను చప్పుడుకు పేలుతది. పాతబడ్డకొద్ది ఇంజను అదురు పెరుగుతది. మైను దగ్గరికి కావాలని పొయ్యే ఓడ మైన్‌స్వీపర్ ఒక్కటే.

దేవరకొండ మాజీ నావికుడు: అక్కా, నేను ఆ రకం ఓడ డెక్కు మీద చేసినోణ్ని. వెనక నీళ్లల్ల స్వీప్ వైర్ వదులుతం, దానికి కట్టర్లుంటయ్. అడుగున లంగరేసిన మైను తీగను అది కోస్తది. మైను పైకి తేలితే కాల్చి పేలుస్తం. వైరు పోగు లేస్తే తొడుగు చీల్చుకొని అరచేతిల దిగుతది. వైరు వణుకుడు చూసే కింద ఏదో తగిలిందని చెప్పే పెద్దలుండె. ఓడ లేకుంటే ఆ పని పిల్లలకు ఎక్కడ నేర్పుతరు?

పాలమూరు పోరడు: నేవీల 15 ఏండ్ల సర్వీసుకే బయటికొచ్చిన కోపం ఓడ మీదికెల్లి మాట్లాడుతున్నవన్నా.

దేవరకొండ మాజీ నావికుడు: అవును, కోపమే. పని పూర్తిగ చేతికొచ్చినంక ఇంటికి పంపిన్రు. ఓడనూ గట్లనే పంపిన్రు.

అచ్చంపేట అక్క: నా కొడుకు విశాఖల నేవీల ఉన్నడు. 1988ల చేరిన సింధురత్న సబ్‌మెరైన్‌ల 2014ల పొగ కమ్మి ఇద్దరు ఆఫీసర్లు చనిపోయిన్రు. పాతదైనా నడిపియ్యాలె అని మీరంటుంటే నాకు అదే యాదికొస్తది. ఫోను రాని రాత్రి నేనెట్ల పడుకుంటనో మీకు తెల్వది.

దేవరకొండ మాజీ నావికుడు: మైన్లు ఏరకుంటే మీ కొడుకు ఎక్కిన ఓడ రేవు దాటి ఎట్ల పోతదక్కా? వాని కోసమే చెప్తున్న.

అచ్చంపేట అక్క: అయితే కొత్తది ఎందుకు తేలేదో అడుగున్రి.

దేవరకొండ మాజీ నావికుడు: అడుగుతనే ఉన్న. గోవా షిప్‌యార్డుల కొరియా కంపెనీతోటి మైన్లు ఏరే 12 ఓడలు కట్టే ముచ్చట 2018ల ఆగిపోయింది. 2025 జులైల మల్ల అనుమతిచ్చిన్రు. అనుమతి కాయితం మీదుంటది, మైను నీళ్లల్ల ఉంటది. అందుకే అంటున్న, కోజికోడ్‌ను ఇంకొన్నేండ్లు నడిపియ్యాల్సి ఉండె.

అచ్చంపేట అక్క: ఎవరి కొడుకును ఎక్కిచ్చి?