5.7 లీటర్ బోటు ఇంజన్‌కు వోర్టెక్ హెడ్లు వేస్తే పిస్టన్లు కూడా మార్చాలా?

గండికోట_నీళ్లు (కడప)

అందరికీ నమస్కారం. గండికోట రిజర్వాయర్లో తిరిగే స్పీడ్ బోటు ఇది. మెర్‌క్రూయిజర్ 5.7 స్టెర్న్‌డ్రైవ్ (ఇంజన్ బోటు లోపల, ప్రొపెల్లరు డ్రైవు వెనక బయట ఉండే రకం), లోపల షెవర్లే 350 వీ8, నాలుగు బ్యారెళ్ల కార్బొరేటర్. చల్లబడేది నేరుగా రిజర్వాయర్ నీళ్లతోనే. ఇంజన్ పూర్తిగా విప్పి ఉంది. బోరు స్టాండర్డ్‌లోనే ఉంది, హోనింగ్ చేసి రింగులు మారిస్తే చాలు. క్రాంకు బాగుంది. పాత హెడ్లు (సిలిండర్ల పైన కూర్చునే, వాల్వులుండే భాగాలు) 76 సీసీ ఛాంబరువి (పెట్రోలు కాలే గది), ఒకదాంట్లో ఎగ్జాస్ట్ సీటు దగ్గర పగులు కనపడింది.

వాటి బదులు 64 సీసీ వోర్టెక్ (షెవర్లే తర్వాత తెచ్చిన మెరుగైన రకం) హెడ్లు వేద్దామని ఉంది. పిస్టన్లు ఫ్లాట్‌వి, వాల్వు గుంటలు మాత్రం ఉన్నాయి. ఇవే పిస్టన్లు ఉంచితే ఇక్కడ బంకుల్లో దొరికే పెట్రోలుకు తట్టుకుంటుందా? క్యామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్టు) కూడా కొంచెం పెద్దది వేయొచ్చా?

తుంగభద్ర_బోరింగ్ (కర్నూలు)

హెడ్లు కొనకముందే లెక్క వేసుకో అన్నా. 101.6 బోరు, 88.4 స్ట్రోకు అంటే సిలిండరుకు 717 సీసీ. పిస్టన్ గుంటలు 6 సీసీ, గ్యాస్కెట్ 1 మి.మీ. మందానికి సుమారు 8.5, పిస్టన్ పైన బ్లాకు అంచు దాకా ఉండే 0.64 మి.మీ. సందుకు 5. వీటికి పాత 76 కలిపితే కంప్రెషన్ (మిశ్రమం ఎన్నో వంతుకు కుదించుకుపోతుందో ఆ నిష్పత్తి) 8.5 వస్తుంది. 64 పెడితే 9.57. ఒక్క హెడ్డు మార్పుతోనే ఒక పాయింటు పైకి పోతుంది. ఫ్యాక్టరీ వోర్టెక్ 5.7 కంప్రెషన్ 9.4.

9.57తో కారైతే నడిచిపోతుంది. బోటు ఇంజన్ కత వేరే. నిండా లోడేసుకున్న లారీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కినట్టు, ఇది నీళ్లలో ఉన్నంతసేపూ లోడు మీదే ఉంటుంది. పైన మూత, ఎగ్జాస్ట్ మోత ఉంటాయి కాబట్టి నాకింగు (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు కాలడం) వచ్చినా చెవికి వినపడదు. పిస్టన్ రింగు ల్యాండు (రింగుల మధ్య గట్టు) విరిగినాకే తెలుస్తుంది.

కంప్రెషన్ తగ్గించడానికి మందం గ్యాస్కెట్ వేయమని చెప్పేవాళ్లుంటారు. నా మాట వద్దు. పిస్టన్ చదునుభాగానికీ హెడ్ చదునుభాగానికీ మధ్య సందు ఇప్పటికే 1.64 ఉంది. అది దగ్గరగా ఉంటేనే మిశ్రమం ఛాంబరు మధ్యలోకి తన్నుకొచ్చి త్వరగా కాలుతుంది. సందు పెంచితే కంప్రెషన్ తగ్గుతుంది గానీ నాకింగు ఆ మేరకు తగ్గదు. సరైన దారి 12 సీసీ గుంట ఉన్న పిస్టన్లు. గుండ్రటి గుంట కాదు, చదునుభాగం వదిలిపెట్టే డీ ఆకారం గుంట. బ్లాకు 0.5 మి.మీ. ఫేసింగ్ చేయిస్తే (పైముఖం చెక్కిస్తే) సందు 1.14కు వస్తుంది, కంప్రెషన్ 9.4 దగ్గర ఆగుతుంది.

ఛాంబరు 64 అని రాసి ఉన్నా నమ్మొద్దు, పాత హెడ్డయితే ఎవరు ఎంత చెక్కినారో తెలీదు. హెడ్డును బోర్లా పెట్టి, వాల్వులూ ప్లగ్గూ బిగించి, ఛాంబరు చుట్టూ సన్నగా గ్రీసు పూసి, చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ షీటు అదమాలి. మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజితో రంగు కలిపిన స్పిరిట్ పోస్తూ, గాలి బుడగ చివరికి రంధ్రం కిందికి జరిగి మాయమయ్యేదాకా కొలవాలి. ఎనిమిది ఛాంబర్లూ కొలువు. తేడా 1 సీసీ లోపల ఉండాలి.

గండికోట_నీళ్లు

చాలా ఉపయోగం సార్. పాత వోర్టెక్ హెడ్లు తెప్పిస్తే ఏం చూడాలి? ఇన్‌టేక్ మ్యానిఫోల్డు పాతదే కూర్చుంటుందా?

అనంత_వాల్వులు (అనంతపురం)

కూర్చోదు. పాతదానికి 12 బోల్టులు, వోర్టెక్‌కు 8 మాత్రమే, అవీ నిలువుగా దిగుతాయి. మ్యానిఫోల్డు వోర్టెక్‌దే కొనాలి. ఆ బోల్టుల టార్కు 11 పౌండ్-అడుగులే. పాత అలవాటుతో 30 బిగిస్తే హెడ్డులో మర పోతుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు పాతవే సరిపోతాయి. వాల్వు కవర్లు మాత్రం నడిమధ్య బోల్టులవి కావాలి.

హెడ్డు కాస్టింగ్ నంబరు చివర 906 గానీ 062 గానీ ఉండాలి. వాల్వులు 1.94, 1.50 అంగుళాలు. వేడెక్కిన ఇంజన్‌వైతే ఎగ్జాస్ట్ సీటు దగ్గర సన్న పగుళ్లుంటాయి, కంటికి ఆనవు. మాగ్నఫ్లక్సు (అయస్కాంతంతో పగుళ్లు చూపే పరీక్ష), నీళ్ల ప్రెషర్ టెస్టు రెండూ చేయించకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు.

రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) వోర్టెక్ రకం, వాల్వు కొనను తామే పట్టుకుంటాయి. గైడ్ ప్లేట్లు (పుష్‌రాడ్లను పక్కకు జరగకుండా పట్టే రేకులు) కూడా వేస్తే రెండూ ఒకదాన్నొకటి లాగి కొన తినేస్తాయి. ఏదో ఒకటే. స్టాకు హెడ్డుతో వాల్వు లిఫ్టు 0.460 అంగుళం దాటితే రిటైనరు (వాల్వు స్ప్రింగు పైన ఉండే టోపీ) కిందికొచ్చి గైడు సీలును కొడుతుంది. దాటించాలంటే గైడు పైభాగం తగ్గించి స్ప్రింగులు మార్చాలి.

క్యామ్ దగ్గర బోటులో అందరూ తప్పు చేస్తారు. ఎగ్జాస్ట్‌లో నీళ్లు కలుస్తాయి కదా, ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువైతే ఐడిల్‌లో ఎగ్జాస్ట్ వెనక్కి గుంజి ఆ నీళ్లనే సిలిండరులోకి తెస్తుంది. ప్లగ్గులు తుప్పు రంగు, వాల్వుల మీద మచ్చలు, చివరికి కనెక్టింగ్ రాడ్డు వంకర. లోబ్ సెపరేషన్ (క్యామ్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల మధ్య కోణం) 112 నుంచి 114 డిగ్రీలున్న మెరైన్ క్యామ్ తీసుకోండి. కారు రేసింగ్ క్యామ్ వద్దు.

క్యామ్ మార్చినాక ఒక పిస్టన్ మీద ప్లాస్టిసిన్ ముద్ద పెట్టి, గ్యాస్కెట్‌తో సహా హెడ్డు బిగించి, క్రాంకు చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. బ్లేడుతో ముద్దను కోసి చూస్తే ఇన్‌టేక్ దగ్గర 2 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. మందం మిగిలి ఉండాలి.

హెడ్ బోల్టులు ఒక్కోదానికి 17, అన్నీ నీళ్ల జాకెట్లోకే దిగుతాయి. మరకు సీలెంట్ పూయకపోతే నీళ్లు మర వెంబడి పైకెక్కి ఆయిల్లో కలుస్తాయి. మామూలు బోల్టులైతే 25, 45, 65 పౌండ్-అడుగులు, మూడు దఫాలుగా, మధ్య నుంచి చివరలకు. గ్యాస్కెట్ మెరైన్‌దే, స్టీలు షిమ్ రకం తుప్పు పడుతుంది.

తుంగభద్ర_బోరింగ్

టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు నిప్పు వేస్తుందో) గురించి: పాత హెడ్లకు పెట్టిన 36 డిగ్రీలు వోర్టెక్‌కు పెట్టొద్దు, ఛాంబరు త్వరగా కాలుస్తుంది. మొత్తం 30తో మొదలుపెట్టి 32 దాటకు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకు పాత కార్బొరేటరు జెట్లతో (పెట్రోలు వచ్చే రంధ్రాలు) మిశ్రమం పల్చనవుతుంది, ఒకటి రెండు సైజులు పెంచి ప్లగ్గులు చూసుకో. పాత రబ్బరు గొట్టాలు తీసేయి. వారాల తరబడి నిలిచే బోటులో ఆ పెట్రోలు నీళ్లు పీల్చుకుని ట్యాంకు అడుగున విడిపోతుంది.

కార్బొరేటరు, డిస్ట్రిబ్యూటరు, స్టార్టరు మోటరు, ఆల్టర్నేటరు మెరైన్‌వే కావాలి. కారువి తక్కువ ధరని వేయొద్దు. బోటు అడుగున పెట్రోలు ఆవిరి నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంజన్ దింపినప్పుడే బ్లాకుకు రెండు వైపులా ఉండే డ్రైన్ ప్లగ్గులు తీసి సన్న ఇనుప తీగతో పొడువు. గండికోటకు అవుకు రిజర్వాయరు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లతో పాటు వానాకాలం ఒండ్రు కూడా వస్తుంది, అది వెనక సిలిండర్ల చుట్టూ గట్టిపడి ఉంటుంది. అది తీయకుండా కొత్త హెడ్లేస్తే 7, 8 నంబర్ల దగ్గరే మళ్లీ పగులుతుంది.

అనంత_వాల్వులు

ప్రొపెల్లరు మర్చిపోయినాము. శక్తి పెరిగినాక ఫుల్ థ్రాటిల్లో 4,800 ఆర్పీఎం దాటితే పిచ్ (ప్రొపెల్లరు ఒక చుట్టుకు ముందుకు పోయే దూరం) ఒక అంగుళం పెంచండి, దాదాపు 150 నుంచి 200 ఆర్పీఎం తగ్గుతుంది. 4,400 కంటే దిగితే పిచ్ తగ్గించండి, లేకపోతే ఆ లోడంతా పిస్టన్ల మీదే పడుతుంది.