రుచి అంటే టేస్టా, ఫ్లేవరా?

బుగ్గవంక: పాపకు బళ్లో వేమన పద్యంలోని ‘చూడ చూడ రుచుల జాడ వేరు’ ఇంగ్లీషులో రాయమన్నారు. టేస్ట్ అని రాసింది. ఫ్లేవర్ కదా అని రాత్రి నుంచి ఒకటే పీకుతోంది. పైపాదం ‘ఉప్పు కర్పూరంబు’ అనేనా?

కొండారెడ్డి బురుజు: కర్పూరం కాదు సామీ, కప్పురం: ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు’. ఆటవెలదిలో పాదానికి మొదటి మూడూ సూర్యగణాలు, అంటే గురువు–లఘువు, లేదంటే మూడు లఘువులు. ‘కర్పూ’ అంటే రెండు గురువులు, గణం చెడిపోతుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం, కూడా ‘నొక్క’లోని ‘న’కు కాదు, దాని కింద దాక్కున్న ‘ఒ’కు. ఉ–ఒ సరిపోయాయి.

ఉగ్గాని బజ్జీ: అడిగింది యతి గురించి కాదన్నా! టేస్ట్ నాలుకది. ఫ్లేవర్‌లో ముక్కుకూ వాటా ఉంది. జలుబు చేసినప్పుడు ఉగ్గాని తినండి, ఉప్పు తెలుస్తుంది, కొత్తిమీర తెలియదు. అందుకే ఉప్పుకు టేస్ట్, కప్పురానికి ఫ్లేవర్. ఒక్క ‘రుచి’కి ఇంగ్లీషులో రెండు మాటలు కావాలి.

బుగ్గవంక: మరి చీర చూసి ‘నీ టేస్ట్ బాగుంది’ అంటారే? అక్కడ ఫ్లేవర్ అనరుగా.

ఉగ్గాని బజ్జీ: అది అభిరుచి. ఐస్‌క్రీమ్ కొట్టులో మాత్రం ‘ఏ ఫ్లేవర్’ అనే అడుగుతాడు, ‘ఏ టేస్ట్’ అనడు.

దేవుని కడప: మీరిద్దరూ నోరు వదలరా? సంస్కృతంలో రుచికి కాంతి అనే అర్థమూ ఉంది. నిప్పులో వేయండి. కప్పురం వెలుగుతుంది, ఉప్పు చిటపటమని ఎగురుతుంది. పద్యంలో ‘చూడ చూడ’ అన్నాడు, ‘తిన తిన’ అనలేదు!

కొండారెడ్డి బురుజు: మనం రుచిని కూడా ‘చూస్తాం’ కదయ్యా. అయినా చూడ–జాడ ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరం ‘డ’ కలిసింది. ‘తిన’ అంటే అదీ పోతుంది.

దేవుని కడప: బ్రౌను దొర 1829లోనే వేమన పద్యాలను ఇంగ్లీషులో అచ్చు వేయించాడు. మా కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకుని ప్రతులు సరిచూయించిన మనిషి. ఆ చోటే ఇప్పటి లైబ్రరీ.

కదిరి కుంకుమ: బంగళా మీదైతే ఏం, వేమన సమాధి మా కటారుపల్లిలో ఉంది.

బుగ్గవంక: పాప టేస్ట్ అనే ఉంచేసి బడికి పోయింది.

కొండారెడ్డి బురుజు: సరే గానీ, ‘కప్పురంబు నొక్క’ అని విడిగా అచ్చేస్తే పిల్లలు బటన్ నొక్కడం అనుకోరూ?