ఎడ్ల బాధపై వీధి నాటకం: మిగిలిన డబ్బు ఎలా కూర్చుకోవాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో చదువులు, చిన్న ఉద్యోగాలు చేసుకుంటున్న ఎనిమిది మందిమి కలిసి, బండి ఎడ్ల గురించి, సంతల నుంచి లారీలలో తరలిపోయే పశువుల గురించి నలభై నిమిషాల వీధి నాటకం తయారు చేస్తున్నాము. నాటకం తెలుగులో ఉంటుంది, నడుమ నడుమ ఒడియా మాటలు వస్తాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్న ఊరు మాది కనుక, ఆ భాషలో నాలుగు మాటలైనా లేకుండా ఆడడానికి మాకు మనసొప్పలేదు.

నిరుడు వేసవిలో ఒక సంతలో చూసిన ఎద్దే ఈ నాటకానికి మూలం. మెడ మీద కాడి ఆనే చోట అరచేయంత పుండు పడితే, దాని మీద పసుపు, కిరసనాయిలు కలిపి పూశారు. ఈగ వాలినప్పుడల్లా పుండు చుట్టూ చర్మం వణికేది కానీ, ఎద్దు మాత్రం తల తిప్పేది కాదు. బండివాణ్ణి అడిగితే, ఒక్క రోజు బండి కట్టకపోతే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పాడు. ఆయన కూడా మా నాటకంలో ఒక పాత్ర, అయితే దుర్మార్గుడి పాత్ర మాత్రం కాదు.

ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎడ్లను బండికి కట్టకూడదనీ, రోజు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదనీ, ములుకర్ర వాడకూడదనీ 1965 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నాయి. మేము మాట్లాడిన బండివాళ్ళలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మొదటి తప్పుకు విధించే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే కనుక, చట్టం భయపెట్టి చేయించలేని పనిని నాటకం బతిమాలి చేయిస్తుందేమోనని మా ఆశ.

పది ఊళ్ళలో పది ప్రదర్శనలకు వ్యాను కిరాయి 30,000, భోజనాలు 20,000, నటులకు రోజుకు 300 చొప్పున 24,000, ముఖాలకు తొడిగే మాస్కులు, వాద్యాలు, సాధనకు చోటు కలిపి 16,000, మొత్తం 90,000 రూపాయలు కావాలి. ఇప్పటికి 22,400 చేతికి వచ్చాయి. ఒక పెద్దమనిషి ఖర్చంతా తానే భరిస్తానన్నారు కానీ, లారీ సన్నివేశంలో పశువుల వ్యాపారికి ఒక మతం వారి పేరు పెట్టాలని షరతు విధించారు. మేము వద్దని వచ్చేశాము. ఎండలు ముదరక ముందే మొదలుపెట్టాలి కనుక, మాలో ఇద్దరు ఇప్పుడు ఆ మాటే తలచుకుని బాధపడుతున్నారు. మేము చేసింది సరైనదేనా? మిగిలిన 67,600 రూపాయలు ఏ దారిన అడగాలి?

జవాబు (బరంపురం నుంచి)

చెల్లెమ్మా, మీరు చేసింది ముమ్మాటికీ సరైనదే. ఆ డబ్బు తీసుకుని ఉంటే మీ నాటకం ఎడ్ల గురించి కాకుండా మనుషుల మధ్య తగవు గురించి అయ్యేది, రెండో ఊరికి వెళ్ళేసరికి జనం ఎద్దు పుండును మరచి పేరు గురించే మాట్లాడుకునేవారు. అందులోనూ మనవి తెలుగువారూ ఒడియావారూ సవరలూ ఒకే సంతలో బేరమాడుకునే ఊళ్ళు. బాధపడుతున్న మీ మిత్రులిద్దరికీ ఈ మాట నా తరఫున చెప్పండి.

ఇక డబ్బు సంగతి. మనకు బుర్రకథలోనూ హరికథలోనూ చదివింపుల పద్ధతి ఉండనే ఉంది. కథ మధ్యలో ఎవరో నూట పదహార్లు ఇస్తే, కథకుడు వారి పేరు చదివి దీవిస్తాడు. ఢిల్లీలోని జన నాట్య మంచ్ అనే వీధి నాటక బృందం వారు కూడా ప్రదర్శన ముగిశాక దుప్పటి పరచి చూసినవారినే చందా అడుగుతారు. మీరు కూడా నాటకం అయిపోయిన మరుక్షణం, జనం కదలక ముందే, ఎద్దు పాత్రధారి చేతనే తువ్వాలు పరిపించండి. పదకొండు రూపాయలు ఇచ్చినవాడు చిన్నబోకుండా, పేర్లు చదవడం మాని, ఈ ఊరు ఇంత ఇచ్చిందని మొత్తం ఒక్కటే చదవండి. తరువాతి ఊళ్ళో ఆట మొదలుపెట్టే ముందు, వెనకటి ఊళ్ళో వచ్చినదెంత, దేనికి ఖర్చయిందో బిగ్గరగా చెప్పండి. లెక్క విన్న జనం చేయి వెనక్కి తీసుకోవడం నేను ఇన్నేళ్ళలో చూడలేదు.

భోజనాల ఇరవై వేలు మీ పట్టికలోంచి కొట్టివేయవచ్చు. డబ్బు ఇవ్వలేని ఇల్లు ఇద్దరికి అన్నం పెట్టగలదు, అడగడమే మన పని.

జవాబు (రాయగడ వాసిని, ప్రస్తుతం విశాఖపట్నంలో లెక్కల పని)

చట్టానికి సంబంధించిన నాలుగు మాటలు చెబుతాను. మీ బృందం రిజిస్టరైన సంఘం కాకపోతే, దాతలకు పన్ను మినహాయింపు రసీదు ఇవ్వలేరు. ఆ రసీదు ఇవ్వగల సంస్థ ఏదైనా మీ తరఫున విరాళాలు తీసుకున్నా, 2,000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఆ మినహాయింపే లేదు కనుక, దాని కోసం ఎక్కువగా తిరగకండి.

అసలు జాగ్రత్త విదేశాల్లోని బంధువుల విషయంలో కావాలి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపినది మాత్రం, ఆయన పుట్టింది బరంపురంలోనే అయినా, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ విరాళమే అవుతుంది. అనుమతి లేకుండా అటువంటి డబ్బు తీసుకోకూడదు.

పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టదగిన పనుల జాబితా అయిన 2013 కంపెనీల చట్టంలోని ఏడవ షెడ్యూలులో జంతు సంక్షేమం, కళలు రెండూ ఉన్నాయి కనుక వాటిని అడిగే దారి ఉంది కానీ, దానికి రిజిస్టరైన సంస్థ, కాగితాలు, నెలల కొద్దీ నిరీక్షణ కావాలి. ఈ ఏడాదికి అది మీకు పనికిరాదు. సంఘాన్ని రిజిస్టరు చేయించే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.

జవాబు (గుణుపురం నుంచి, పశువైద్య శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి)

అమ్మా, బరంపురం వారి మాటలో ఒక్కదానితో నేను ఏకీభవించలేను. సంతలో తువ్వాలు పరచకండి. అక్కడ మీ ముందు నిలబడేది బండివాడు. వాడి ఎద్దు బాధను వాడికే చూపించి, వెంటనే వాడినే డబ్బు అడిగితే, అది జరిమానా వసూలు చేసినట్టు ఉంటుంది, మరునాడు మీ మాట వాడి చెవికెక్కదు. తువ్వాలు పట్నాల్లో పరచండి. బియ్యం, బట్ట, ఇటుక అన్నీ బండి మీదే తెప్పించుకునే దుకాణదారులు అక్కడే ఉన్నారు, ఆ ఎద్దుకు బాకీ పడినవారు వారే.

కాడి పుండుకు కిరసనాయిలు పూస్తే చర్మం ఇంకా మండుతుంది. అది మానాలంటే శుభ్రత కావాలి, అంతకంటే ముఖ్యంగా విశ్రాంతి కావాలి. గరుకు కాడి, ఎత్తు పొత్తు కుదరని జత, ముందుకు మొగ్గిన బరువు, ఈ మూడింటి వల్లే ఎక్కువ పుండ్లు పడతాయి. నాటకంలో బండివాడు సరుకును కాస్త వెనక్కి సర్దగానే ఎద్దు మెడ ఎత్తినట్టు చూపించండి. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఎవరైనా ముచ్చటపడి నిజం ఎద్దును తెచ్చి నిలబెడతామంటే ఒప్పుకోకండి. ప్రదర్శనలో జంతువును వాడాలంటే 2001 నాటి నియమాల ప్రకారం ముందుగా నమోదు చేయించాలి, పైగా డప్పుల మోతకు ఆ మూగజీవం బెదిరిపోతుంది. నా వంతుగా 5,000 రూపాయలు పంపుతాను, మీ సంత ప్రదర్శనల్లో రెండింటికి నేనే వచ్చి పుండ్లకు కట్టు కడతాను.

ప్రశ్న అడిగిన వారు

మీ అందరికీ మా బృందం తరఫున కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఎనిమిది మందిమీ కూర్చుని మీ జవాబులు పైకి చదువుకున్నాము. షరతు పెట్టిన వారి మాట ఇక మా మధ్య రాదు. భోజనాలు ఊరివారినే అడుగుతాము కనుక ఆ ఇరవై వేలు తీసేశాము, డాక్టరు గారి సాయం కలిపితే ఇంకా 42,600 కావాలి. ఆరు సంతల్లో ఏమీ అడగకుండా ఆడి, పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ రెండేసి చొప్పున ఆడే నాలుగు ప్రదర్శనల్లోనే తువ్వాలు పరుస్తాము. మా మేనమామ గారికి మాత్రం డబ్బు పంపవద్దని ఫోను చేసి చెప్పాము, ఆయన నొచ్చుకున్నారు కానీ అర్థం చేసుకున్నారు.

డాక్టరు గారూ, కాడి కింద వేయడానికి పాత దుప్పటిని గోనెలో కుట్టి మెత్త తయారు చేసి, సంతకు ఐదు చొప్పున ఊరికే ఇవ్వాలని మాలో ఒకరి ఆలోచన. అది ఎంత మందం ఉంటే మెడకు ఒరుసుకోకుండా ఉంటుందో చెప్పగలరా? కుట్టుపని ఆదివారం మొదలుపెడతాము.