గాలం ముల్లు చేతిలో దిగితే: సంచిలో ఏమేమి ఉండాలి?

పెన్నా గట్టు (నెల్లూరు):
సోమశిలకు దిగువన గాలం వేయడానికి ఈసారి మా అక్క పిల్లలను కూడా తీసుకువెళ్తున్నాను. ఎర, తంగూసు, బెండు అన్నీ సిద్ధమే గానీ, ముల్లు ఎవరికైనా గుచ్చుకుంటే ఏం చేయాలో మా జట్టులో స్పష్టంగా తెలిసినవారు లేరు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మైపాడు తీరం:
అన్నిటికంటే ముందు గాలపు కాడను కత్తిరించగల గట్టి కటింగ్ ప్లేయర్ పెట్టుకోండి. కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లు వల్ల గాలం వచ్చిన దారిన తిరిగి రాదు, లాగినకొద్దీ కండను చీలుస్తుంది. కృష్ణపట్నం వైపు ఉప్పుటేరులో మా మిత్రుని వేలిలో దిగినప్పుడు, కర్ర బరువు గాయం మీద పడకుండా ముందుగా తంగూసు కోసేశాము. వాపు రాకముందే ఉంగరం తీయించి, గాలం కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి చేర్చాము. డాక్టరుగారు మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కొనను చర్మం నుంచి ముందుకు పొడుచుకు వచ్చేలా నెట్టి, వెనుక ముల్లును కత్తిరించి, మిగిలిన కాడను వచ్చిన దారినే తీశారు. ఆ పని ఒడ్డున మత్తు లేకుండా చేయదగినది కాదని నా అభిప్రాయం.

కంభం చెరువు:
కొర్రమీనుకు ఎరగా రబ్బరు కప్ప వేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చేప పట్టు తప్పితే ఆ కప్ప నేరుగా మన ముఖం మీదికే ఎగిరి వస్తుంది కనుక, పిల్లలకు కూడా కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి. నేను ఇంటి దగ్గరే ప్లేయర్‌తో వెనుక ముల్లును నొక్కి చదును చేస్తాను. తంగూసు బిగువు సడలనీయకుంటే చేప జారిపోదు, గుచ్చుకున్నా గాలం తేలికగా వస్తుంది.

ఒంగోలు నర్సు:
కంటిలో గానీ కంటి పక్కన గానీ గుచ్చుకుంటే గాలాన్ని ముట్టుకోవద్దు. కన్ను మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి టేపు వేసి, 108కి ఫోన్ చేయండి. మెడలో, కీలు దగ్గర, లోతుగా దిగినా తీయడానికి ప్రయత్నించవద్దు. గాలం ఊడి వచ్చిన చిన్న గాయమైతే మంచినీటితో, సబ్బుతో బాగా కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో కట్టు కట్టండి. మధుమేహం, కాలేయ జబ్బు ఉన్నవారు ఉప్పునీటి గాయాన్ని ఏమాత్రం తేలికగా తీసుకోకూడదు. ఆ నీటిలోని విబ్రియో జాతి సూక్ష్మజీవుల వల్ల గంటల వ్యవధిలోనే వాపు, ఎరుపు, జ్వరం ముదరవచ్చు.

పెన్నా గట్టు (నెల్లూరు):
అందరికీ కృతజ్ఞతలు. మేడమ్, ధనుర్వాతం ఇంజెక్షన్ ప్రతిసారీ వేయించుకోవాలా?

ఒంగోలు నర్సు:
అవసరం లేదండీ. టీకాలన్నీ పూర్తయినవారికి, ఇలాంటి మురికి తగిలే గాయమైతే, చివరి డోసు వేసి 5 సంవత్సరాలు దాటినప్పుడే మళ్లీ వేస్తారు. పిల్లల టీకా కార్డులను బయలుదేరే ముందే ఒకసారి చూసుకోండి, వాటిని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటే డాక్టరుగారికి చూపించవచ్చు.