పాత మారుతి 800 ముందు సస్పెన్షన్ పని ఇంట్లో ఎవరైనా చేశారా?

పాలమూరు_800: మా 2006 మారుతి 800 స్పీడ్ బ్రేకర్ దాటితే ముందు ఎడమవైపు టక్ టక్‌మంటోంది. షాకర్లు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది కడ్డీ) బుష్‌లు (కీలు దగ్గరి రబ్బరు తొడుగులు) నేనే మారుద్దామనుకుంటున్నా. జాకీ, పానాల సెట్ ఉన్నాయి. స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కిపట్టే పనిముట్టు) మహబూబ్‌నగర్‌లో అద్దెకు దొరుకుతుందా? సామాను రేట్లెంత?

దేవరకొండ_జెన్: షాకరే అని ఎవరు చెప్పారన్నా? షాకర్ పోతే నూనె కారుతుంది, బానెట్ నొక్కి వదిలితే బండి ఊగుతూనే ఉంటుంది. నా బండికి ఒక షాపులో షాకర్లు, మౌంట్‌లు అన్నీ మార్చారు. శబ్దం అలాగే ఉంది. చివరికి చూస్తే స్టెబిలైజర్ బార్ (ముందు రెండు పక్కల ఆర్మ్‌లను కలిపే కడ్డీ) బుష్! ఆ బిల్లు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

సాగర్_రోడ్: బుష్‌లు మారిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్మీ. చక్రం గాల్లో ఉండగా ఆర్మ్ బోల్టు ఫుల్ టైట్ చేయొద్దు. బండి బరువు పడ్డాకే చేయాలి.

గూడ_మెకానిక్: ఇవన్నీ వీడియోలు చూసి చెప్పే మాటలు. మిర్యాలగూడలో మాది రెండు తరాల షెడ్డు. పైనే బిగిస్తాం, దించుతాం, బండి పోతుంది.

సాగర్_రోడ్: పోతుంది, మళ్లీ మీ షెడ్డుకే వస్తుంది. గిరాకీకి కొదవేముంది!

గూడ_మెకానిక్: మాటలు మంచిగ రానీ. నీ చేతికి ఎన్నడన్నా గ్రీజు అంటిందా?

దేవరకొండ_జెన్: ఆగండన్నా ఇద్దరూ. బోల్టు బిగిస్తే బుష్ లోపలి ఇనుప గొట్టం కదలదు, దాని చుట్టూ ఉన్న రబ్బరే మెలిపడాలి. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగిస్తే, బండి దించిన క్షణం నుంచి రబ్బరు మెలికలోనే ఉంటుంది. తొందరగా చిరుగుతుంది. సాగర్ అన్న చెప్పిందే కరెక్ట్.

గూడ_మెకానిక్: సరే సార్లూ, దించాక 800 కింద పానా తిరిగే జాగా ఏది? చెప్పండి.

సాగర్_రోడ్: బండిని జాకీ స్టాండ్ మీదే ఉంచి, ఆర్మ్ చివర కింద రెండో జాకీ పెట్టి లేపు. బాడీ స్టాండ్ మీద నుంచి లేవబోతుండగా ఆపి బిగించు.

గూడ_మెకానిక్: అంత ఓపిక గిరాకీకి ఉండదు.

జడ్చర్ల_బుల్లోడు: కంప్రెసర్ ఎందుకు భయ్యా, నేను స్ప్రింగ్‌ను గొలుసుతో కట్టి విప్పేశా. పైసా ఖర్చు లేదు 😎

సూర్యాపేట_శాంత్రో: పాలమూరు తమ్ముడూ, ఈయన మాట అస్సలు వినకు. నొక్కి ఉన్న స్ప్రింగ్ జారితే మొహం మిగలదు. స్ట్రట్ (షాకర్, స్ప్రింగ్ కలిసిన భాగం) మొత్తం విప్పి షెడ్డుకు పట్టుకెళ్లు, వాళ్లు స్ప్రింగ్ నొక్కి షాకర్ మార్చిస్తారు. మిగతా పని ఇంట్లో చేసుకో. షాకర్లు రెండు పక్కలా ఒకేసారి మార్చు. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు. నేనైతే తుప్పుపట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే నూనె కొట్టి పెట్టా. బాల్ జాయింట్ స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా పెట్టే పిన్ను) మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది, సూదిమొన ప్లయర్‌తో ఒక్కో ముక్కా లాగేసరికి పొద్దు వాలింది. కానీ ఇప్పుడు బండి చప్పుడు లేకుండా పోతుంటే, ఆహా!

జడ్చర్ల_బుల్లోడు: భయపడేవాళ్లు షెడ్డుకే పోండి.

నల్లగొండ_నానీ: అన్నట్టు 2006 బండికి ఆర్‌సీ రెన్యూవల్ చేయించావా? 15 ఏళ్లు దాటితే ఐదేళ్లకోసారి చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ వేరే.

పాలమూరు_800: చేయించానన్నా. నిన్న చక్రం లేపి చూశా, బార్ బుష్ పగిలే ఉంది. అది మారిస్తే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాలా?

సాగర్_రోడ్: చేయించు. 800లో ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకునేది ఆ బారే.

గూడ_మెకానిక్: ఇది మాత్రం నిజం.