సైనిక నియంత పినోచెట్ దిగిపోగానే చిలీకి నిజంగా స్వేచ్ఛ వచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి

నియంత తాను రాయించుకున్న రూల్స్ ప్రకారమే గద్దె దిగితే దాన్ని స్వేచ్ఛ అనొచ్చా? చాన్నాళ్లుగా ఈ ప్రశ్న నన్ను తొలిచేస్తోంది.

చిలీలో 1988 అక్టోబరు 5న జరిగిన రెఫరెండంలో దాదాపు 56 శాతం మంది పినోచెట్‌ను వద్దన్నారు. 1990 మార్చి 11న, ఎన్నికల్లో గెలిచిన పాట్రిసియో ఐల్విన్ అధ్యక్షుడయ్యారు. ఇంతవరకు చదివితే సంతోషమేస్తుంది. కానీ సైన్యాధిపతి పదవిని పినోచెట్ 1998 దాకా వదల్లేదు. అది అయ్యాక జీవితకాల సెనేటర్! ఆయన హయాంలో తెచ్చిన 1980 రాజ్యాంగమే నడిచింది. జనం ఓటేయని సెనేటర్ల పద్ధతి పోవడానికి 2005 సవరణలు రావాల్సి వచ్చింది. సైన్యం చేసిన నేరాలకు శిక్ష పడకుండా 1978 నాటి క్షమాభిక్ష చట్టం అడ్డుపడింది. మాయమైన బిడ్డల ఫొటోలు గుండెల మీద పెట్టుకుని 'ఎక్కడున్నారు?' అని వీధుల్లో అడిగిన తల్లులకు ఆ మార్చిలో ఏం మారినట్టు?

రక్తపాతం లేకుండా దించాలంటే ఇలాంటి రాజీ తప్పదని కొందరంటారు. నాకైతే మనసు ఒప్పుకోవడం లేదు. ఐల్విన్ ప్రభుత్వానికి ఇంకో దారి ఉందా? చిలీ చరిత్ర లోతుగా చదివినవాళ్లు, అక్కడ ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.