గ్రేట్ డిక్స్‌టర్ ఇల్లు, తోట: పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఏమేమి తెలియాలి?

ప్రశ్న

నమస్కారం. మేము ఇంగ్లండులోని రీడింగ్ పట్టణంలో ఉంటాము. మా అమ్మానాన్నలు తెనాలి నుండి జూన్ మొదట్లో వచ్చి సెప్టెంబరు నెలాఖరు వరకు మా దగ్గర ఉంటారు. లండన్‌లో అందరూ చూసేవి ఎలాగూ చూపిస్తాము గానీ, పల్లెటూళ్లో ఉన్న ఒక పాతకాలపు దివాణాన్ని, దాని తోటను కూడా చూపించాలని మా కోరిక. నాన్నగారు రోడ్లు, భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ కట్టడం కనిపించినా ముందు దాని దూలాలు ఎక్కడ ఆనుతున్నాయో చూస్తారు. అమ్మకు మొక్కలంటే ప్రాణం, కానీ మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. తూర్పు ససెక్స్‌లోని గ్రేట్ డిక్స్‌టర్ బాగుంటుందని ఒకరు చెప్పారు. ఆ చోటు ఇద్దరికీ నచ్చుతుందా, ఏ నెలలో వెళితే మంచిది, అమ్మ ఎంతవరకు తిరగగలరు, మా నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాలను, తోటలను కాపాడే సంస్థ) సభ్యత్వ కార్డు అక్కడ చెల్లుతుందా అనే విషయాలు తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

మీరు చెప్పిన ఇద్దరికీ ఇంతకంటే సరిపోయే చోటు దక్షిణ ఇంగ్లండులో నాకు తోచడం లేదు. అయితే దివాణం అనగానే షాండిలియర్లు, పాలరాతి మెట్లు, గోడల నిండా నూనె చిత్రాలు ఊహించుకుని వెళితే నిరాశ తప్పదు. ఇది ఓక్ కర్రతో కట్టిన ఇల్లు. నడిమి భాగమైన గ్రేట్ హాల్ 15వ శతాబ్దం నాటిది. ముందున్న వసారా కాలక్రమంలో ఒక పక్కకు వాలిపోయి, ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. మీ నాన్నగారు గుమ్మం దాటడానికి ముందే అక్కడ ఆగిపోతారని నా అంచనా.

1910లో నథానియల్ లాయిడ్ అనే ఆయన ఈ ఇంటిని కొని, మరమ్మతు, విస్తరణ పనులను ఎడ్విన్ లుటియన్స్‌కు అప్పగించారు. తరువాత న్యూఢిల్లీని, అక్కడ నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌ను రూపకల్పన చేసిన లుటియన్స్ ఈయనే. హాలును అంతస్తులుగా, గదులుగా విడగొడుతూ తరువాతి కాలంలో చేర్చిన కట్టుబడిని లుటియన్స్ తొలగించి, కప్పు దాకా మళ్లీ తెరిపించారు. అక్కడ తల ఎత్తి చూస్తే, గోడ నుండి గోడకు అడ్డంగా వేసిన దూలమూ, గోడల నుండి కొంత దూరం మాత్రమే ముందుకు పొడుచుకొచ్చి పైభారాన్ని మోసే హామర్ బీమూ ఒకే కప్పు కింద కనిపిస్తాయి. సాధారణంగా ఈ రెండు పద్ధతులను ఇలా కలిపి వాడరు. ఇల్లు చాలనప్పుడు, కెంట్‌లోని బెనెన్‌డెన్ గ్రామంలో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న 16వ శతాబ్దపు కర్ర ఇంటిని 75 పౌండ్లకు కొని, ఒక్కొక్క దూలానికి గుర్తు వేసి విప్పించి, ఇక్కడికి తరలించి మళ్లీ నిలబెట్టారు. ఈ రెండు పాత ఇళ్లనూ కలుపుతూ లుటియన్స్ కట్టిన కొత్త భాగం మూడోది. ఏ భాగం ఏ కాలానిదో బయటి నుండే గుర్తుపట్టే పని నాన్నగారికి అప్పగించండి, ఆయనకు కాలక్షేపం కోసం వేరే ఏర్పాటేమీ అక్కరలేదు.

ఇక కార్డు విషయం: చెల్లదు. ఈ ఇంటినీ తోటనూ నిర్వహించేది వారి సొంత ధర్మకర్తల సంస్థే గానీ నేషనల్ ట్రస్ట్ కాదు. తోటకు మాత్రమే ఒక టికెట్టు, ఇంటికీ తోటకూ కలిపి మరొక టికెట్టు ఉంటాయి. మీరు రెండోదే తీసుకోండి. మార్చి చివరి నుండి అక్టోబరు వరకు తెరిచి ఉంటుంది, బ్యాంకు సెలవులు (అంటే ఇక్కడి ప్రభుత్వ సెలవు దినాలు) మినహా సోమవారాలు మూసివేస్తారు. తోటను పొద్దున్నే తెరిచినా ఇంట్లోకి మధ్యాహ్నం గానీ పంపరు. వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు రోజు వారి వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.

మరొక సభ్యురాలి సమాధానం

పైవారు ఇంటి గురించి చెప్పారు, నేను మీ అమ్మగారి పక్షాన తోట గురించి చెబుతాను. నెల ఎంచుకోవడమే ఇక్కడ అసలు విషయం. మే, జూన్ నెలల్లో అయితే గేటు నుండి ఇంటి వరకు దారికి రెండు వైపులా గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది. చూసినవారు తోటమాలులు పని ఎగ్గొట్టారనుకుంటారు. నిజానికి దాన్ని కావాలనే అలా పెంచుతారు. గడ్డిలో నేలఆర్కిడ్లు పూసి, విత్తనం రాలేదాకా ఆగి, ఆగస్టులో కోస్తారు. ఈ పద్ధతికి ఇక్కడ పునాది వేసింది నథానియల్ భార్య డైసీ. ఆమె దగ్గర తోటపని నేర్చుకున్న కొడుకు క్రిస్టఫర్ లాయిడ్ 2006లో మరణించేదాకా ఈ తోటనే తన జీవితంగా చేసుకున్నారు.

అయినా నా సలహా ఆగస్టు నెలాఖరు లేదా సెప్టెంబరు. పాత పశువుల దొడ్డి ఉన్న చోట లుటియన్స్ గులాబీ తోట వేయించారు. 1990లలో క్రిస్టఫర్, తన హెడ్ గార్డెనర్ ఫెర్గస్ గారెట్‌తో కలిసి ఆ గులాబీలన్నిటినీ పెరికించి, అరటి, మెట్టతామర, డేలియాలతో అడవిలాంటి తోట పెట్టినప్పుడు ఇంగ్లీషు తోటల ప్రపంచంలో పెద్ద దుమారమే రేగింది. తెనాలి నుండి వచ్చిన మనిషికి అరటి చెట్టు చూపించడమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ అది చలిని ఓర్చుకునే జపాన్ అరటి. దాని గెల తినడానికి పనికిరాదు, శీతాకాలంలో కాండానికి ఎండుటాకులు చుట్టి కాపాడతారు. మనం పెరట్లో పట్టించుకోని మొక్కను ఇక్కడ పసిబిడ్డలా సాకుతుంటే చూసి మా అత్తగారు చాలాసేపు నవ్వారు, ఆ తరువాత చుట్టడం ఎలాగో తోటమాలిని వివరంగా అడిగి తెలుసుకున్నారు.

అక్కడి దారులు మాత్రం ఇరుకు. ఆకులను చేత్తో పక్కకు నెట్టుకుంటూ నడవవలసి వస్తుంది, వాన పడి ఉంటే చీర అంచు మోకాళ్ల దాకా తడుస్తుంది. అమ్మగారు పంజాబీ డ్రెస్సు వేసుకుంటానంటే అదే నయం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. హైదరాబాద్ హౌస్ సంగతి విని నాన్నగారు ఇప్పటి నుండే ఉత్సాహపడుతున్నారు. మెట్లు ఎన్ని ఎక్కవలసి వస్తుందో, వీల్‌చెయిర్ ఇప్పించుకోవచ్చో చెప్పండి. మరొక మిత్రుడు దీనికి బదులు నేషనల్ ట్రస్ట్ వారి ఐతమ్ మోట్‌కు వెళ్లమంటున్నారు. పైగా అమ్మ డిక్స్‌టర్ నర్సరీలో విత్తనాలు కొని ఊరికి తీసుకువెళ్తానంటున్నారు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఐతమ్ మోట్ నిస్సందేహంగా గొప్ప ఇల్లే. 14వ శతాబ్దంలో మొదలైన కట్టడం, చుట్టూ కందకం, మీ కార్డు మీద టికెట్టు లేకుండా వెళ్లవచ్చు. కానీ అక్కడ కూడా రిసెప్షన్ నుండి ఇంటి వరకు దారి బాగా పల్లంగా ఉంటుంది, లోపలి ముంగిలి గుండ్రాళ్లు పరిచినది. అంటే మోకాళ్లకు అదేమీ సుఖం కాదు. తోట ముఖ్యమనుకుంటే డిక్స్‌టర్‌కే నా ఓటు.

డిక్స్‌టర్ ఇంట్లో గ్రేట్ హాలు, పార్లర్ అనే కూర్చునే గది కింది అంతస్తులో ఉన్నాయి, కాబట్టి అమ్మగారు వాటిని చూడగలరు. సోలార్ అనే పై గదికి మెట్లు తప్పవు. అది నాన్నగారికి వదిలేసి, ఆమెను కిందే కూర్చోబెట్టండి. తోటలో ఎత్తుపల్లాలు ఉన్నాయి, లుటియన్స్ కట్టించిన అర్ధచంద్రాకారపు మెట్లు ఫొటోలో ఎంత అందంగా ఉంటాయో దిగేటప్పుడు పట్టుకోవడానికి అంత ఆధారం లేనివి. పరచిన రాళ్ల మధ్య మొక్కలు మొలుస్తాయి, వాటిని పీకరు; కాబట్టి చెప్పులు కాకుండా అడుగు పట్టున్న బూట్లు వేయించండి. ఏ దారిలో వెళితే మెట్లు తగ్గుతాయో, వీల్‌చెయిర్ ఎక్కడివరకు పోతుందో ముందుగా ఫోన్ చేసి అడగండి, అక్కడివారు ఓపికగా చెబుతారు. శక్తి అంతా ఒకేసారి ఖర్చు కాకుండా, పొద్దున లాంగ్ బార్డర్ అనే పొడవాటి పూలమడి, అరటి తోట చూసి, టీ తాగి, ఇల్లు తెరవగానే లోపలికి వెళ్లండి. టీ దగ్గర కేకులు, శాండ్‌విచ్‌ల వంటివే ఉంటాయి. పులిహోర కట్టుకుని వెళితే, ఎక్కడ కూర్చుని తినవచ్చో సిబ్బందిని అడిగి విప్పండి.

విత్తనాల విషయంలో అమ్మగారిని ఒప్పించక తప్పదు. మొక్కలుగానీ నాటే విత్తనాలుగానీ భారతదేశంలోకి తీసుకువెళ్లాలంటే, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, ఇక్కడి నుండి తెగుళ్లు లేవనే ధ్రువపత్రం రెండూ కావాలి. ఒక పొట్లం కోసం విమానాశ్రయంలో మాట పడడం ఎందుకు? ఆమెకు నచ్చినవి మీ రీడింగ్ పెరటికి కొనండి.

మరొక సభ్యురాలు

ప్రయాణం గురించి కూడా చెప్పాలి. కారులో అయితే ఎం25 నుండి ఏ21 పట్టుకుని, ఫ్లిమ్‌వెల్ దగ్గర ఏ268 మీదికి తిరిగి, హాక్‌హర్స్ట్ మీదుగా డిక్స్‌టర్ ఉన్న నార్దియమ్ గ్రామం చేరండి. రీడింగ్ నుండి రెండు గంటలకు పైనే పడుతుంది. రైలులో అయితే సెయింట్ పాంక్రస్ నుండి ఆష్‌ఫర్డ్, అక్కడ బండి మారి రై, రై నుండి టాక్సీ. పెద్దవాళ్లతో నేనైతే కారే ఎంచుకుంటాను.

సమయం మిగిలితే దగ్గర్లోనే బోడియమ్ కోట ఉంది. నీళ్ల మధ్య నిలిచిన ఈ కోటను బెంగాలును విభజించిన వైస్రాయి కర్జన్ కొని, మరమ్మతు చేయించి, నేషనల్ ట్రస్ట్‌కు వీలునామా రాసి పోయారు, కాబట్టి అక్కడ మాత్రం మీ కార్డు పనికొస్తుంది. అమ్మగారు అప్పటికే అలసిపోయి ఉంటే బయటి నుండి చూపించి తిరిగి వచ్చేయండి, లోపలి మెట్లు చాలా ఇరుకు.